అలోక్ పక్కన నిలబడితే

నందికొట్కూరులో ఎక్కిన షేర్ ఆటో మిమ్మల్ని పగిడ్యాలలో దింపేసరికి సాయంత్రం ఐదున్నర. మే నెల. ఎండ దిగింది గానీ అరుగు మీది బేతంచెర్ల బండలు ఇంకా చురుక్కుమంటున్నాయి. వేపచెట్టు నీడ పడినంత మేరా చూసుకుని నలుగురు పిల్లగాళ్లు వరసగా కూర్చున్నారు. నాలుగు ఫోన్లూ అడ్డంగా తిప్పి ఉన్నాయి. మీరొచ్చి పక్కన కూర్చున్నా ఎవరూ తలెత్తరు. మర్యాద తెలీక కాదు. ఇప్పుడు తలెత్తితే చచ్చిపోతారు.

రెండోవాడి ఫోన్లోకి తొంగిచూడండి. అద్దం ఎడమ మూల పగిలి సాలెగూడైంది, దాని మీద సెల్లోటేపు. ఒడిలో చిన్న పౌడర్ డబ్బా. మొహానికి కాదది. ఆట కాస్త తెరిపినిచ్చినప్పుడల్లా చిటికెడు తీసి రెండు బొటనవేళ్లకూ రుద్దుకుంటాడు. చెమట పట్టిన వేలు అద్దం మీద అంటుకుపోతుంది, గురి తప్పుతుంది. ఎడమ వేలు నడిపిస్తుంది, కుడి వేలు చూపు తిప్పుతుంది, పేలుస్తుంది. ఈ రెండు వేళ్ల మధ్య ఆ మనిషి బతకాలి.

ఆట ఫ్రీ ఫైర్ మ్యాక్స్. అసలు ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం ఆపేసింది, మ్యాక్స్ మిగిలింది, పిల్లలు అటు మళ్లారు. వీళ్లకది పెద్ద విషయం కాలేదు. విమానంలోంచి యాభై మంది దాకా ఒక దీవి మీదికి దూకుతారు, చివరిదాకా మిగిలినవాళ్లది గెలుపు. ఈ నలుగురూ క్లాక్ టవర్ దగ్గర దిగారు. ఇప్పుడు దీవి మొత్తం మీద పదిమందికి మించి లేరు.

"నాక్ అయినా మామా!"

"యాడ?"

"నీ ఎనక, గోడ కాడ. ఒగడే ఉండాడు, పైన."

రెండోవాడు మాట్లాడడు. తెరమీద వాడి మనిషి వెనక్కి ఉరుకుతాడు. చెయ్యి విసరగానే మంచుగడ్డలాంటి గోడ ఒకటి నేలలోంచి లేస్తుంది. దాని చాటున పడిపోయినవాణ్ని పైకి లేపడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కొన్ని క్షణాల్లో నలుగురి ఊపిరీ ఆగుతుంది. గుళ్లు గోడకు తగిలి చిట్లుతున్నాయి. లేచాడు. లేచాడు గానీ వాడి రక్తం గీత సన్నగా, ఎర్రగా ఉంది, గాలి తగిలినా పడిపోయేట్టు. అప్పుడు రెండోవాడు కుడివైపు మూలనున్న బొమ్మను నొక్కుతాడు. వాడి మనిషి కాళ్ల చుట్టూ ఒక వలయం వెలుగుతుంది. అందులో నిలబడ్డ ఇద్దరి గీతలూ కొంచెం కొంచెంగా నిండుతాయి, కాళ్లకు వేగం వస్తుంది. ఆ వలయం వాడితోపాటే కదులుతుంది. ఇద్దరూ దాంట్లోనే ఉంటూ గోడ దాటి పరుగెత్తారు.

మరో రెండు నిమిషాలకు "బూయా!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. చెట్టు మీద కాకి లేచిపోయింది. ఇప్పుడు మాట్లాడొచ్చు.

"ఎవరయ్యా ఆ మనిషి?"

"అలోక్ అన్నా. డీజే అలోక్." అంత మాత్రం తెలీదా అన్నట్టు చూస్తాడు.

"ఏ ఊరోడు?"

వాడు పక్కవాడి మొహం చూశాడు. పక్కవాడు అవతలివాడి మొహం. "యా ఊరోడో ఏమో. దగ్గరుంటే బతుకుతాం. అంతే."

పేరు చూస్తే మనవాడిలాగే ఉంటాడు గానీ అలోక్ బ్రెజిల్ దేశస్థుడు. నిజంగా ఉన్న మనిషే. అమ్మానాన్నలిద్దరూ డీజేలే, తనూ అదే పనిలో పేరు తెచ్చుకున్నాడు. 2019లో ఈ ఆటలోకి వచ్చాడు. ఆ వలయం నిజానికి వాడి పాట ప్రభావమన్నమాట. ఈ అరుగు మీద ఎవరూ ఆ మనిషి పాట ఒక్కటీ విన్లేదు. వినాల్సిన అవసరమూ రాలేదు. పగిడ్యాల పిల్లలకు అలోక్ అంటే, తన పక్కన నిలబడ్డవాడికి ప్రాణం పోసేవాడు. ఆటలో వేరే పాత్రలకు వేరే శక్తులున్నాయి. వేగంగా ఉరికేవాళ్లు, తగిలిన శత్రువు ఎటు పోతున్నాడో చూపించేవాళ్లు. చాలావరకు ఎవరి శక్తి వాళ్లకే. అలోక్‌ది పక్కవాళ్లకూ అందుతుంది. నలుగురు కలిసి ఆడే ఊళ్లో వాణ్ని కాక ఇంకెవరిని మెచ్చుకుంటారు?

"మరి రొనాల్డో ఉన్నాడు కదా?" అని కదిలించి చూడండి.

నిజమే. 2020 డిసెంబరులో క్రిస్టియానో రొనాల్డో అంతటివాణ్ని క్రోనో అనే పేరుతో తెచ్చారు. చుట్టూ గాజుగుడ్డులాంటి కవచం వేసుకునేవాడు, బయటి గుండు లోపలికి రాదు. వచ్చిన కొత్తలో అందరూ క్రోనోలే. తర్వాత కంపెనీవాళ్లు ఆ బలాన్ని తగ్గిస్తూ పోయారు.

చివరన కూర్చున్నవాడు పెదవి విరిచాడు. "రొనాల్డో అయితే ఏందన్నా? కవచం పల్చబడినాక ఎవుడు పెట్టుకుంటాడు?"

ప్రపంచంలో ఆ మొహానికున్న విలువెంతో ఇక్కడ ఎవరికీ పట్టలేదు. వేళ్లకు ఏం పనికొస్తుందన్నదే లెక్క. హృతిక్ రోషన్‌కూ అంతే. ఆయన జై అనే పాత్రగా వచ్చాడు. "స్టైల్ ఉంటాది" అన్నారు, అంతకు మించి ఆయన ప్రస్తావన లేదు. సినిమా హీరో కటౌట్‌కు పాలు పోసే పిల్లలే వీళ్లు. ఇక్కడికొచ్చేసరికి ఎంత ఖచ్చితంగా ఉన్నారో చూడండి.

అలోక్‌ను కొనడానికి డైమండ్లు కావాలి, డైమండ్లకు డబ్బులు కావాలి. తొలకరి పడితే ఈ సీమలోనే అటు పడమటి జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం సద్దిమూట కట్టుకొచ్చి వంగి వంగి వజ్రాలు వెతుకుతారు. ఒక్కటి దొరికితే బతుకు మారుతుందని. ఇక్కడ పిల్లలు ఇంట్లో ఫోన్‌పే పాస్‌వర్డ్ వెతుకుతారు. ఏ వెతుకులాట మంచిదో చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, రెండోదానికి దెబ్బలు గ్యారంటీ.

ఈ కబుర్లన్నీ వింటూ అరుగు పక్కనే సెల్‌ఫోన్ రిపేరు కొట్టాయన నవ్వుతున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. కొట్టంటే ఒక బల్ల, ఒక ల్యాంపు, వెనక గుండీలు విప్పేసిన ఫోన్లు. లోపలికి రండి, స్టూలుంది.

"మాకప్పుడు ముస్తఫా సార్" అంటాడు.

కర్నూలులో చదువుకునేటప్పటి సంగతి. చీకటి గది, లోపల బీడీ పొగ, గోడ వారగా నిలువెత్తు మిషన్లు. రూపాయి బిళ్ల వేస్తే ఒక ప్రాణం. ఆ ఆట అసలు పేరు మిషన్ నెత్తిన ఇంగ్లీషులో రాసే ఉండేది, క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని. ఎవడూ చదవలేదు. ఇండియాలో ఊరూరా దానికి ముస్తఫా అనే పేరు. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన బొమ్మల కథలు దానికి మూలం. ఆ కథల్లో నాయకుడు జాక్ టెన్రెక్. ముస్తఫా కైరో అతని స్నేహితుడు, ఇంజనీరు. ఆటలో నలుగురిలో ఒకడు, పసుప్పచ్చ టోపీవాడు. మన దగ్గరకొచ్చేసరికి జాక్ వెనక్కిపోయాడు, స్నేహితుడు పెళ్లికొడుకయ్యాడు.

"ఎందుకని?"

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద నిలబెట్టాడు. పిడి మీద అరచెయ్యి ఆనించి కుడివైపుకి టక్ టక్‌మని రెండుసార్లు తోశాడు, ఎడమచేత్తో బల్ల మీద ఒక్క చరుపు. "ముందుకు రెండు దెబ్బలు, ఒగ తన్ను. ఉరుక్కుంటా పోయి తన్నేది. నలుగురైదుగురు ఒగే తూరి పడిపోతారు." పాతికేళ్లు దాటినా మణికట్టు మరిచిపోలేదు. ఆయన ఇప్పుడు తన్నింది ఎవర్నో గానీ, బల్ల మీది సిమ్ ట్రే ఒకటి ఎగిరి కింద పడింది. వెతికి ఇవ్వండి పాపం.

వేగం ఒకటి. నాకు తోచిన రెండో కారణం, ఆ పేరు. అమెరికావాళ్లకు ముస్తఫా కైరో అంటే ఎక్కడి ఈజిప్టో గుర్తొస్తుంది. కర్నూలు, నంద్యాల పిల్లాడికి గడియారాల కొట్టు ముస్తఫా, క్లాసులో పక్క బెంచీ ముస్తఫా. తెరమీది నలుగురిలో మన వీధివాడు ఒక్కడే ఉంటే రూపాయి ఎవరి మీద వేస్తాం?

ఇంటికి టీవీ గేమ్ వచ్చాక ఆయనకూ వాళ్లన్నకూ కాంట్రా. ఒకడు నీలం ప్యాంటు, ఇంకోడు ఎరుపు. బిల్, లాన్స్ అని పేర్లున్నాయి వాళ్లకు, ఆ సంగతి ఆయనకు ఇప్పుడు మనం చెబితేనే తెలిసింది. "నీలమోడు, ఎర్రోడు. అంతే సార్." దాంట్లో ఒక వసతి ఉండేది. మీ ప్రాణాలన్నీ అయిపోతే బటన్ నొక్కి అవతలి ఆటగాడి ప్రాణాల్లోంచి ఒకటి తీసుకోవచ్చు. "మాయన్న అడక్కుండనే నొక్కేటోడు. కొట్లాట. మాయమ్మ వైరు పీకేసేది." బయట అరుగు మీద అలోక్ వలయంలో జరిగిందీ ఇదే కదా అనిపిస్తుంది. వాడు ఇచ్చాడు, ఈయన దగ్గర వాళ్లన్న లాక్కున్నాడు.

మారియో మాటొచ్చింది. ఆ మీసం, ఆ టోపీ ఎందుకో తెలుసా అని ఆయన్నడగండి. 1981లో షిగెరు మియామోతో ఆ మనిషిని గీసినప్పుడు చేతిలో ఉన్నవి పదహారు చుక్కల వెడల్పు, పదహారు చుక్కల ఎత్తు. అంత చిన్న చోట నోరు గీస్తే నోరులా కనపడదు, కాబట్టి ముక్కు కింద మీసం. దూకినప్పుడు జుట్టు ఎగరాలి, ఎగిరించే దారి లేదు, కాబట్టి టోపీ. చెయ్యి ఊగుతున్నట్టు తెలియాలి, కాబట్టి చొక్కా ఒక రంగు, ప్యాంటు ఒక రంగు. లేమిలోంచి పుట్టిన రూపం. అయినా నన్నడిగితే మనం మారియోను ఇష్టపడ్డది మీసం చూసి కాదు. బటన్ వదిలేసినా ఒక్కసారిగా ఆగడు, కొంచెం జారి ఆగుతాడు. దూకి గాల్లో ఉన్నప్పుడు కూడా అటూ ఇటూ జరపొచ్చు. ఆ జారుడులోనే వాడికి బరువుంది, ఒళ్లుంది. బొమ్మను నడుపుతున్నట్టుండదు, మనమే ఉరుకుతున్నట్టుంటుంది.

"హైదరాబాద్ అమ్మాయి కూడా ఉంది ఒక ఆటలో, తెలుసా?" అని పిల్లల్ని అడిగి చూద్దాం. బ్లిజార్డ్ కంపెనీ 2016లో తెచ్చిన ఓవర్‌వాచ్‌లో సిమెట్రా. అసలు పేరు సత్యా వాస్వాని. హైదరాబాద్ బీదరికంలోంచి వచ్చి, వెలుతురును వంచి గోడలూ వంతెనలూ కట్టే విద్య నేర్చుకున్న పిల్ల. ఆటిజం ఉన్న పాత్రగా ఆమెను మలిచారు, దాన్ని జబ్బులా కాక స్వభావంలా చూపించారు. ఇంటిపేరు చూస్తే సింధీలది, అయినా ఊరు మనదే. పిల్లలు శ్రద్ధగా విన్నారు. మొదటివాడు ఒక్కటే అడిగాడు:

"మన ఫోన్లో ఎక్కుతాదా?"

ఎక్కదు. కంప్యూటరో, పెట్టెలాంటి గేమ్ మిషనో కావాలి. వెంటనే నలుగురికీ సత్య మీద ఆసక్తి పోయింది. కథ ఎంత బాగున్నా, చేతికి రాని మనిషితో స్నేహమేం చేస్తారు.

ఎదురింటి గడప మీద ఒక పిల్ల కూర్చుంది. ఎనిమిదో క్లాసు అయ్యుంటుంది. చేతిలో వాళ్లవ్వ ఫోను, దాంట్లో సబ్‌వే సర్ఫర్స్. రైలు పట్టాల మీద పిల్లాడు ఉరుకుతాడు, వెనక కాపలాదారు, వాడి కుక్క. అవ్వ చాట చెరుగుతూ ఓరకంట చూస్తోంది.

"ఏం ఎత్తకపోయినాడే వాడు? అంతగనం ఎంటబడినాడు."

"ఏం ఎత్తకపోలేదవ్వా. రైలు మీద బొమ్మలేసినాడు."

"బొమ్మలేస్తేనే?" అవ్వ చాట ఆపింది. "ఉరుకు పాపా, దొరకొద్దు."

2012 నుంచీ కోట్లమంది ఈ పిల్లాడి పక్షమెందుకు వహిస్తున్నారో అవ్వ ఒక్క మాటలో తేల్చేసింది. తప్పు చిన్నది, తరిమేవాడు పెద్దవాడు.

ఇంతలో రెండోవాడి వాళ్లమ్మ సందులోంచి కేకేసింది. ఎనుములకు నీళ్లు పెట్టలేదట. వాడు గొణుక్కుంటూ లేచాడు. ఆట మొదలవబోతోంది, నలుగురిలో ఒకరు తక్కువ. గడప మీది పిల్ల ఎప్పుడొచ్చిందో వచ్చి చెయ్యి చాపింది. వాడు అనుమానంగానే ఇచ్చాడు. వాడి చెల్లెలే మరి.

ముందు పౌడర్ డబ్బా అందుకుంది. తర్వాత అలోక్‌ను తీసేసి కెల్లీని పెట్టింది. బడిలో చదువుకుంటూ పరుగుపందేలకు పోయే జపాన్ అమ్మాయి కెల్లీ. ఆమె శక్తి పరుగు, అంతే.

"ఏయ్, అలోక్‌ను తీయొద్దే! మేం సచ్చిపోతాం!"

"మీకోసం నేను మీ పక్కన్నే నిలబడుండాల్నా?" అంది తలెత్తకుండా. "నేను ఉరుకుతా. చేతనైతే మీరు ఎనక రాండి."

తెరమీద విమానం దీవి మీదికి వచ్చింది. మిగతా ముగ్గురూ ఎక్కడ దిగుదామని ఇంకా వాదించుకుంటున్నారు. ఆమె దూకేసింది.