కోదండము

మన తాతల నాటి వీధిబడులను గూర్చి పెద్దలు నవ్వుచు చెప్పుకొను మాట యొకటి గలదు: కోదండము. శ్రీరాముని వింటి పేరు ఇట్టి పనికి వచ్చుట మన దౌర్భాగ్యము. దూలమునకు కట్టిన త్రాటిని పట్టుకొని బాలుడు వ్రేలాడవలెను. కాలికి నేల యందదు. చేయి జాఱినచో బెత్తము కాచుకొనియుండును. తొడపాశము, గోడకుర్చీ దీని తోబుట్టువులు. నాడు ఏడ్చినవాడే పెద్దవాడై, ఏడుపును మఱచి, నవ్వును మాత్రము మిగుల్చుకొనెను. హింస తండ్రినుండి కొడుకునకు సంక్రమించునది ఈ నవ్వు త్రోవనే యని మా యభిప్రాయము.

ఇది ప్రాచీనాచారమని వాదించువారు గౌతమ ధర్మసూత్రములను తెఱచి చూడవలెను. శిష్యుని కొట్టకయే దిద్దవలెనన్నది అందలి మొదటి విధి. అది సాధ్యపడనప్పుడు సన్నని త్రాడో, చీల్చిన వెదురో వాడవచ్చును. మఱి దేనితో కొట్టినను ఆ గురువును రాజు దండింపవలెను! బెత్తము పట్టినవానిని అడుగువాడొకడు పైన నుండవలెనని సూత్రకారుడు గ్రహించెను. వీధిబడిలో ఆ రాజు లేడు.

1860 నాటి శిక్షాస్మృతియు ఉపాధ్యాయునికే నీడయైనది. పండ్రెండేండ్లలోపు బిడ్డ మేలుకొఱకు సంరక్షకుని సమ్మతితో సద్బుద్ధిగా చేసిన పని, కొన్ని హద్దులకు లోబడి, నేరము కాదని దాని 89వ సెక్షను చెప్పెను. 2000 డిసెంబరు 1న ఢిల్లీ హైకోర్టు అచ్చటి పాఠశాలలలో దేహదండనమును అనుమతించు నిబంధనను రద్దుచేసెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో దేహదండనమునే గాక మానసిక వేధనను గూడ నిషేధించెను.

మేమును ఉద్యోగపు తొలినాళ్లలో బెత్తము పట్టినవారమే. దానిని విడిచిన కొన్నాళ్లకు ఒక తండ్రి కొడుకును రెక్కపట్టి తెచ్చి, "కళ్లు రెండూ వదిలేసి తోలు ఒలిచెయ్యండి మాస్టారూ, మేమేమీ అనుకోం" అనెను. బాలుని ముంజేతిపై వాత యింకను ఎఱ్ఱగా నుండెను. స్వీడను 1979లో తల్లిదండ్రులు కొట్టుటను గూడ నిషేధించి, ఆ సంగతిని ప్రతియింటికి తెలియునట్లు పాలడబ్బాలపై అచ్చువేయించినదని ఆయనతో గంటసేపు వాదించితిమి. బాలునితో ఒక్కమాటయు ఆడలేదు. ఆ తప్పు మాకు తోచుటకు వారము పట్టినది.

అప్పుడు, ఆపదలోనున్న బాలలు రేయింబవళ్లు పిలువదగిన 1098 అను సంఖ్యను నల్లబల్లపై వ్రాసి, అది యెందులకో తరగతికి వివరించితిమి. అందఱికంటె ముందుగా దానిని పుస్తకపు అట్టలోపల వ్రాసికొన్నవాడు ఆ బాలుడే.