అయిదు శాతం లెక్క: మెటియాబ్రుజ్ సలీం నుంచి సుప్రీంకోర్టు దాకా ఆటగాడి వాటా

సారాంశం

1936లో స్కాట్లండ్‌లోని సెల్టిక్ క్లబ్బుకు ఆడిన మహమ్మద్ సలీం కోల్‌కతాలోని మెటియాబ్రుజ్ వాడు. టికెట్ల వసూళ్లలో తనకు రావలసిన అయిదు శాతాన్ని ఆయన అనాథలకు ఇచ్చేశాడన్న కథ ప్రచారంలో ఉంది. ఆ కథలోని అంకెను పరీక్షించి, ఆటగాడి ప్రతిఫలాన్ని హక్కుగా కాక ఔదార్యంగా చూసే అలవాటు 2025 నాటి భారత ఫుట్‌బాల్ వివాదంలో ఏ రూపంలో మిగిలిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఊరు, ఆట

మెటియాబ్రుజ్ అనగానే 1856లో రాజ్యం పోయి ఇక్కడికి చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా గుర్తుకొస్తాడు. ఇవాళ్టి మెటియాబ్రుజ్ మాత్రం కుట్టుమిషన్లది. ఓస్తాగర్ల (కుట్టుపని చేయించే యజమానుల) కింద పనిచేసే దర్జీలకు కుట్టిన ముక్కకింత అని కూలి. అది చాలకపోవచ్చు కానీ, లెక్క ఏమిటో ఇద్దరికీ తెలుసు. 1904లో ఇక్కడ పుట్టిన సలీంకు ఆటలో ఆపాటి లెక్క కూడా లేదు. ఆయన ఆడిన మహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 వరకు వరసగా కలకత్తా లీగు గెలిచింది. అయినా అప్పటి కలకత్తా ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ ఆటే.

ఆ పరిస్థితి స్వాతంత్ర్యం తరవాతా కొనసాగింది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకున్నాక బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారాడు. ఆ తరం ఆటగాళ్లకు బతుకుతెరువు చూపింది ఎక్కువగా ఉద్యోగమే.

2. అంకె నిలుస్తుందా?

సలీం బంధువు వెంట ఓడెక్కి గ్లాస్గో చేరాడు. బూట్లు లేని ఆయన పాదాలకు క్లబ్బు శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ గుడ్డపట్టీలు చుడుతున్న ఫొటో ప్రసిద్ధం. గాల్‌స్టన్‌పై 7–1తో, హామిల్టన్‌పై 5–1తో నెగ్గిన జట్లలో ఆయన ఉన్నాడు. ఇంటి మీద బెంగతో తిరుగు ప్రయాణానికి సిద్ధపడితే, క్లబ్బు ఆయన పేరిట ఒక ధర్మార్థ పోటీ పెట్టి వసూళ్లలో అయిదు శాతం ఇస్తామన్నదని, ఆ 1,800 పౌండ్లను ఆయన అనాథలకు వదిలేశాడని కుటుంబ కథనం.

అయిదు శాతం 1,800 అయితే మొత్తం వసూలు 36,000 పౌండ్లు కావాలి. షిల్లింగు టికెట్టు లెక్కన 7,20,000 మంది రావాలి. టికెట్టు అయిదు షిల్లింగులనుకున్నా 1,44,000 మంది. సెల్టిక్ మైదానం ఎన్నడూ లక్షమందిని చూడలేదు. కాబట్టి ఈ అంకె నిలవదు. కథ మొత్తం కల్పితమని దీనికి అర్థం కాదు. చెప్పేవారి దృష్టి దానం మీద ఉంది కాబట్టి, దానం ఎంత పెద్దదైతే కథ అంత బాగుంటుంది. అసలు ఒప్పందంలో ఏముందన్న ప్రశ్న దాని చాటున పడిపోయింది. చాలా ఏళ్లకు సలీం కుమారుడు రాసిన ఉత్తరానికి జవాబుగా సెల్టిక్ 100 పౌండ్ల డ్రాఫ్టు పంపితే, ఆయన దాన్ని మార్చుకోకుండా దాచుకున్నాడు. అక్కడా డబ్బు గౌరవచిహ్నమే అయింది.

3. హక్కులకు ధర, ఆటగాడికి నిరీక్షణ

2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ–రిలయన్స్‌కు ఇచ్చింది. ఈలోగా సమాఖ్య పాలన కోర్టుకెక్కింది. కోర్టు నియమించిన కమిటీ పాలిస్తోందని 2022 ఆగస్టులో ఫిఫా సమాఖ్యను సస్పెండ్ చేసింది. కోర్టు ఆ కమిటీని తప్పించాక సస్పెన్షన్ ఎత్తేసింది. సెప్టెంబరు ఎన్నికల్లో మాజీ గోల్‌కీపరు, బీజేపీ నాయకుడు కల్యాణ్ చౌబే 33–1 ఓట్లతో బైచుంగ్ భూటియాను ఓడించాడు.

కొత్త నియమావళిని ఖరారు చేసే పనిని సుప్రీంకోర్టు 2023లో విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది. 2025 సెప్టెంబరు 19న పి.ఎస్. నరసింహ నాయకత్వంలోని ధర్మాసనం దాన్ని కొన్ని మార్పులతో ఆమోదించింది. ఆ తీర్పు రాకముందే, 2010 నాటి హక్కుల ఒప్పందం కొనసాగుతుందో లేదో తేలక, దాని కింద ఇండియన్ సూపర్ లీగును నడిపే సంస్థ జులైలో ఆ లీగును నిలిపేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ జీతాలు ఆపింది. హక్కులకు పిలిచిన టెండరుకు నవంబరు గడువులోగా ఒక్క బిడ్డూ రాలేదు. సలీం క్లబ్బు మహమ్మడన్ స్పోర్టింగ్ 2024–25లో తొలిసారి ఈ లీగు ఆడి అట్టడుగున నిలిచింది. ఆ సీజన్లో దాని ఆటగాళ్ల జీతాల బకాయిలూ వార్తలకెక్కాయి.

ముగింపు

ఇప్పటి ఆటగాడి చేతిలో క్లబ్బుతో రాసుకున్న ఒప్పందం ఉంది. సలీం కాలంతో పోలిస్తే అది పెద్ద మెరుగుదల. అయితే ఆ జీతానికి ఆధారమైన హక్కుల ఒప్పందంలో అతడు పక్షం కాదు. అది ఆగితే జీతమూ ఆగుతుంది. భారత క్రికెట్‌లో బోర్డు స్థూల ఆదాయంలో 26 శాతం ఆటగాళ్లకని ఒక సూత్రం ఉంది. ఫుట్‌బాల్ ఆదాయం అందులో పిసరంత కావచ్చు, కానీ సూత్రం పెట్టుకోవడానికి ఆదాయం పెరిగేదాకా ఆగనక్కరలేదు. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం వివాదాల కోసం ట్రైబ్యునల్‌ను ఏర్పాటు చేస్తోంది. బకాయి పడ్డాక ఫిర్యాదుకు అది దారి చూపవచ్చు. బకాయి పడకుండా ఉండాలంటే, తదుపరి హక్కుల ఒప్పందంలోనే వచ్చే సొమ్ము మీద ఆటగాళ్ల జీతాలకు తొలి హక్కు రాసిపెట్టాలి.