ఇందూరు ఖిల్లాలో ఇద్దరు ద్రష్టలు

ప్రతిభ యనగా పాఠమును త్వరగా అప్పజెప్పుటయే యని పెక్కుమంది తలంతురు గాని, అందరి కన్నులయెదుట నున్నదానియందే అన్యులకు గోచరింపనిదానిని కనుగొను దృష్టియే దానికి మూలమని నా విశ్వాసము. మంజీరానదిపై 1931 నాటికి నిజాంసాగరమును నిర్మించి, బోధను చెఱకుతోటలకును శక్కర్‌నగరపు చక్కెర కర్మాగారమునకును త్రోవచేసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగు దృష్టి అట్టిది.

అయినను నా మనస్సు ఇందూరు (నేటి నిజామాబాదు) ఖిల్లాకడనే నిలుచును. రఘునాథాలయముగల ఆ కోటలోని చెఱసాలయందు, రజాకార్ల దౌర్జన్యములు మిన్నుముట్టిన 1948లో, ఇరువదిమూడేండ్లు నిండీనిండని కవి దాశరథి కృష్ణమాచార్యులు బంధితులై యుండిరి. కలము లేదు, కాగితము లేదు. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గే లేఖినిగా, కావలివానికి కేవలము అడ్డుగోడయైనదే పుటగా, నిజాము నిరంకుశత్వముక్రింద మ్రగ్గుచున్న తెలంగాణమును వీణగా దర్శించి ఆయన పద్యములు వ్రాసిరి. జైలువారు తుడిచివేసిరి, పద్యము మాత్రము తెలుగునాట ఇంటింటికిని ప్రాకినది.

అదే చెఱలో వట్టికోట ఆళ్వారుస్వామి యుండిరి. వంటవాడుగా, హోటలు సర్వరుగా జీవితము నారంభించి, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొనిపోయి ఊరూర అమ్మిన ఆ మహనీయుని చూపు గోడపై గాక తోడిఖైదీల ముఖములపై నిలిచినది. దొంగయనియు హంతకుడనియు లోకము త్రోసివేసినవానియందు దారిద్ర్యమును, అవమానమును, చావని మమతను ఆయన చదివిరి. ‘జైలు లోపల’ కథలు ఆ చదువుననే పుట్టినవి. ఒకే కప్పుక్రింద ఒకరికి దేశమంతయు, వేరొకరికి ఒక్కొక్క మనిషియు కానవచ్చుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము. 1949లో వెలువడిన తన కవితాసంపుటి ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిరి.