కమాండోల పక్కన డ్యూటీ: ఆర్మీలో సపోర్ట్ సోల్జర్‌గా వెళ్లాలంటే ఎలా సిద్ధం కావాలి?

సి.బెళగల్ (కర్నూలు జిల్లా): ఆర్మీలో చేరాలి, కమాండో కావాలి. ఆదోని, ఎమ్మిగనూరు, సి.బెళగల్ వైపు తెల్లారకముందే రోడ్డెక్కి పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లలో చాలామంది కల ఇదే. అయితే ఒక కమాండో టీమ్ కదిలిందంటే దాని వెంట రేడియో సెట్ చూసేవాళ్లు, గాయానికి కట్టు కట్టేవాళ్లు, బండి నడిపేవాళ్లు, వంట చేసేవాళ్లు, మందుపాతరలు తొలగించేవాళ్లు కూడా ఉండాల్సిందే. వీళ్లే సపోర్ట్ సోల్జర్లు. ఈ దారి గురించి మన దగ్గర తెలిసింది తక్కువ. అసలు ఎవరు వెళ్లొచ్చు? ఏం నేర్చుకోవాలి? ఇంట్లో ఏ పనులు ముందే చక్కబెట్టుకోవాలి? వివరంగా చూద్దాం.

మొదట దూకింది డాక్టరే!

మన దేశంలో పారాచూట్‌తో దూకిన తొలి భారతీయ సైనికులు ఇద్దరు. ఒకరు ఏ.జి.రంగరాజ్, ఇంకొకరు హవల్దార్ మేజర్ మథురా సింగ్. 1941 అక్టోబర్‌లో కరాచీలో ఈ జంప్ జరిగింది. ఇందులో విశేషం ఏంటంటే, రంగరాజ్ తుపాకీ పట్టే పదాతి దళం ఆఫీసర్ కాదు, బెటాలియన్ డాక్టర్.

కథ అక్కడితో ఆగలేదు. 1950లో కొరియా యుద్ధానికి భారత్ పంపిన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌కు ఆయనే కమాండర్. 1951 మార్చి 23న మున్సాన్-ని దగ్గర అమెరికా పారాట్రూపర్లు విమానాల్లోంచి దూకినప్పుడు, రంగరాజ్‌తో పాటు ఆయన టీమ్ కూడా దూకింది. దిగిన చోటే గాయపడినవాళ్లకు చికిత్స మొదలుపెట్టింది. రంగరాజ్‌కు తర్వాత మహావీర్ చక్ర వచ్చింది.

ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్కటే. ఇలాంటి దళాల్లో సపోర్ట్ అంటే వెనక కూర్చునే పని కాదు. యూనిట్ ఎక్కడికి వెళ్తే మీరూ అక్కడికే. కాబట్టి మీకు రెండు పరీక్షలు ఉంటాయి. మీ పని మీకు పక్కాగా రావాలి, పక్కవాడితో సమానంగా నడిచే ఒళ్లు కూడా ఉండాలి.

స్పెషల్ ఫోర్సెస్ అంటే ఏవి?

చాలామంది అన్నింటినీ కలిపి 'కమాండోలు' అనేస్తారు. తేడాలు ఇవీ.

* పారా స్పెషల్ ఫోర్సెస్: ఇది ఆర్మీ. పారాచూట్ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్ బెంగళూరులో ఉంది.
* మార్కోస్: ఇది నేవీ, 1987లో మొదలైంది. విశాఖ దగ్గర భీమునిపట్నంలో వీళ్ల స్థావరం ఐఎన్ఎస్ కర్ణ 2016లో ప్రారంభమైంది.
* గరుడ్: ఇది ఎయిర్‌ఫోర్స్.
* ఎన్ఎస్‌జీ: 1984లో ఏర్పడింది. హర్యానాలోని మానేసర్‌లో ఉంది, హైదరాబాద్‌లోనూ హబ్ ఉంది. ఆర్మీ, కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు.
* గ్రేహౌండ్స్: ఇది ఆర్మీ కాదు, పోలీస్. 1989లో ఉమ్మడి ఏపీలో ఏర్పాటైంది. దీనికి దారి పోలీస్ ఉద్యోగం నుంచే.

సపోర్ట్‌లో ఏ పనులు ఉంటాయి?

* నర్సింగ్ అసిస్టెంట్: ప్రథమ చికిత్స, రక్తం ఆపడం, గాయపడినవాళ్లను తరలించడం. ఆర్మీ మెడికల్ కోర్ ట్రైనింగ్ లక్నోలో ఉంటుంది.
* సిగ్నల్స్: రేడియో, శాటిలైట్ సెట్లు, బ్యాటరీలు, కోడ్‌లు.
* శాపర్లు: మందుపాతరలు, వంతెనలు, పేలుడు పదార్థాలు. మద్రాస్ శాపర్స్ కేంద్రం బెంగళూరులోనే ఉంది.
* ఈఎంఈ: ఆయుధాలు, బండ్ల రిపేర్లు. ఒక ట్రైనింగ్ సెంటర్ సికింద్రాబాద్‌లో ఉంది.
* ఆర్టిలరీ: ఫిరంగి దళం. హైదరాబాద్‌లో ట్రైనింగ్ సెంటర్ ఉంది.
* డ్రైవర్లు, వంటవాళ్లు, స్టోర్ కీపర్లు, క్లర్కులు.

ఆగ్రాలో ఉన్న పారాచూట్ బ్రిగేడ్‌కు సొంతంగా ఫిరంగి దళం, ఇంజనీర్లు, వైద్య దళం ఉన్నాయి. వాళ్లూ పారాచూట్ జంప్ నేర్చుకుని మెరూన్ బెరెట్ పెట్టుకునేవాళ్లే. 'బలిదాన్' బ్యాడ్జ్ మాత్రం స్పెషల్ ఫోర్సెస్‌కు ఎంపికైనవాళ్లకే.

నేరుగా అప్లై చేయొచ్చా?

'స్పెషల్ ఫోర్సెస్ సపోర్ట్' అని విడిగా నోటిఫికేషన్ రాదు. ముందు ఆర్మీలో చేరాలి, ఒక ట్రేడ్ నేర్చుకోవాలి, ఆ తర్వాత 'నేను వెళ్తా' అని వాలంటీర్ అవ్వాలి. దీంట్లో బలవంతం ఉండదు.

కర్నూలు జిల్లా వాళ్లకు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీస్ వర్తిస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లోనే చేసుకోవాలి. 2023 నుంచి ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో పాసైతేనే ర్యాలీ. 2025 నుంచి ఈ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు.

* అగ్నివీర్ జనరల్ డ్యూటీ: టెన్త్‌లో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం.
* అగ్నివీర్ టెక్నికల్: ఇంటర్ ఎంపీసీతో 50 శాతం, ప్రతి సబ్జెక్టులో 40.
* ట్రేడ్స్‌మెన్: వంట లాంటి పనులకు టెన్త్ పాస్, కొన్నింటికి 8వ తరగతి పాస్.
* నర్సింగ్ అసిస్టెంట్: ఇంటర్ బైపీసీతో 50 శాతం. ఇది అగ్నివీర్ కింద కాదు, రెగ్యులర్ కేటగిరీ.

వయసు, ఎత్తు, మార్కుల రూల్స్ నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదివాకే అప్లై చేయండి.

మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే

పరుగులో మనవాళ్లు వెనకబడరు. వెనకబడేది కాగితాల్లో. పశ్చిమ కర్నూలులో వానలు లేకపోతే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప తోటలకో, బెంగళూరు పనులకో సుగ్గికి పోతాయి. పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది. టెన్త్ పాసైనా 45 శాతం రాదు. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. పుట్టిన తేదీ ఒక్కోచోట ఒక్కో రకం. ర్యాలీ గ్రౌండ్‌లో పరుగు పాసై, కాగితాల టేబుల్ దగ్గర ఆగిపోతే ఆ బాధ అంతా ఇంతా కాదు.

అందుకే పరుగు మొదలుపెట్టిన రోజే ఈ పని కూడా మొదలుపెట్టండి. ఆధార్, టెన్త్ మెమో, కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం అన్నీ ఒకచోట పెట్టి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే సచివాలయంలోనో, ఆధార్ కేంద్రంలోనో ముందే సరి చేయించండి. ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే దానికి బోనస్ మార్కులున్నాయి, జాగ్రత్తగా దాచుకోండి.

ఇంకో మాట. పోస్టు ఇప్పిస్తాం, పారా కమాండోలో వేయిస్తాం అని ఎవరైనా లక్షలు అడిగితే అది మోసమే. ఆర్మీ భర్తీలో డబ్బు కట్టి వచ్చే పోస్టు ఒక్కటీ లేదు.

ఒళ్లు ఎలా సిద్ధం చేసుకోవాలి?

ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. బీమ్ మీద 10 పుల్-అప్స్‌కు 40 మార్కులు. 9 అడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ మీద నడవాలి. ఇది గేటు మాత్రమే. పారా దళాల ప్రొబేషన్‌లో బరువు మోస్తూ, నిద్ర తక్కువగా, రోజుల తరబడి నడవాలి. గ్రౌండ్‌లో ఒక్క మైలు గట్టిగా పరుగెత్తినంత మాత్రాన అది రాదు.

* మొదటి నెల బరువు వద్దు. నడక, నెమ్మది పరుగు కలిపి దూరం పెంచుకోండి.
* బరువు మొదలుపెట్టినా కొద్దికొద్దిగానే. మొదటిరోజే సంచిలో ఇసుక నింపి పరుగెత్తితే మోకాలు, పిక్క ఎముక దెబ్బతింటాయి. ఆ దెబ్బ మెడికల్‌లో బయటపడుతుంది.
* తారు రోడ్డు మీదే కాకుండా మట్టి బాట, కాలువ గట్టు మీద కూడా పరుగెత్తండి.
* మన ఎండ తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు రాకముందే ముగించండి. తల తిరగడం, వాంతి, మాట తడబడటం, మూత్రం టీ రంగులో రావడం కనిపిస్తే అక్కడే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.
* ఈత నేర్చుకోండి, కానీ తుంగభద్రలో ఒంటరిగా దిగొద్దు. గుండ్రేవుల వైపు నది నిలకడగా కనిపించినా లోపల గుంతలు ఉండొచ్చు. నేర్పేవాళ్లు పక్కన ఉన్నప్పుడే దిగండి.
* పచ్చబొట్టు వేయించుకునే ముందు రూల్ చదవండి. చేతి మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటే మెడికల్‌లో ఇబ్బంది.

వాలంటీర్ అయ్యాక ఏం జరుగుతుంది?

ముందు ప్రొబేషన్. ఇక్కడ చూసేది కండలు ఒక్కటే కాదు. అలసిపోయాక కూడా మీ పని తప్పు లేకుండా చేస్తున్నారా? నర్సింగ్ అసిస్టెంట్ అయితే చీకట్లో, వానలో కూడా కట్టు సరిగ్గా పడాలి. సిగ్నల్స్ అయితే చేతులు వణుకుతున్నా సెట్ కలవాలి. ఇది గట్టెక్కితే ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌లో బేసిక్ కోర్స్. ఐదు జంప్‌లు చేయాలి, అందులో ఒకటి రాత్రి పూట.

ఫెయిలైతే? పాత యూనిట్‌కు పంపుతారు, ఉద్యోగం పోదు. అందుకే ట్రేడ్‌లో పట్టు ముఖ్యం. జంప్ రాకపోయినా ఆ పని చేతిలో ఉంటుంది, సర్వీస్ అయ్యాక బయట కూడా అన్నం పెడుతుంది.

ఇంట్లో చక్కబెట్టుకోవాల్సినవి

* నామినీ: బ్యాంక్, ఇన్సూరెన్స్, సర్వీస్ రికార్డ్ మూడింటిలో ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి.
* రెగ్యులర్ సైనికుడికి పెళ్లయినా, పిల్లలు పుట్టినా వెంటనే సర్వీస్ రికార్డుల్లో నమోదు చేయించాలి. అది లేకపోతే రేపు భార్యకు రావాల్సినవి ఆగిపోతాయి. అగ్నివీర్‌కు మాత్రం పెళ్లికాని వాళ్లే అర్హులు.
* అప్పుల లెక్క: ఎవరికి ఎంత ఇవ్వాలి, పొలం పాస్‌బుక్ ఎక్కడుంది, అమ్మానాన్నలకు రాసిచ్చి వెళ్లండి.
* ఫోన్: రోజుల తరబడి ఫోన్ రాకపోవచ్చు. 'ఫోన్ రాలేదంటే డ్యూటీలో ఉన్నానని అర్థం' అని ముందే చెప్పండి. అత్యవసరమైతే ఎవరికి చేయాలో నంబర్ రాసి గోడకు అంటించండి.
* రీల్స్, స్టేటస్‌లు: మీరు పెట్టకపోయినా తమ్ముడో, స్నేహితుడో పెడతారు. యూనిట్ పేరు, ఊరు, బయల్దేరే రోజు ఎవరూ పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి.
* కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

డబ్బు, రిస్క్: దాచకుండా మాట్లాడుకుందాం

అగ్నివీర్ సర్వీస్ నాలుగేళ్లు. మొదటి ఏడాది ప్యాకేజీ నెలకు రూ.30 వేలు, చేతికి వచ్చేది రూ.21 వేలు. మిగతా 30 శాతం సేవా నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగో ఏడాది ప్యాకేజీ రూ.40 వేలు. చివర్లో సుమారు రూ.11.71 లక్షలు వస్తాయని పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. రెగ్యులర్‌గా కొనసాగేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు పెన్షన్ ఉండదు. సర్వీస్‌లో ప్రాణం పోతే రూ.48 లక్షల ఇన్సూరెన్స్ ఉంది.

రిస్క్ నిజమైనదే. కురబలకోట మండలానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ సాధారణ సిపాయిగా చేరి పారా కమాండో అయ్యారు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మేలో సరిహద్దులో పాక్ కాల్పుల్లో అమరుడయ్యారు. ఇద్దరూ మన రాయలసీమ బిడ్డలే.

అందుకే ఈ నిర్ణయం కుర్రాడు ఒక్కడే తీసుకునేది కాదు. ఫారం నింపే ముందు అమ్మానాన్నలతో కూర్చుని ఈ వివరాలన్నీ చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే, సగం సిద్ధమైనట్టే. మిగతా సగానికి రేపు తెల్లవారుజామునే రోడ్డెక్కండి.