సుఖవ్యాధి అన్న మాట

రోగానికి పేరు పెట్టేటప్పుడు సమాజం తన తీర్పును కూడా అందులో కలుపుతుంది. పదహారో శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం సిఫిలిస్‌ను ఫిరంగ రోగమన్నది. అంటే నేరం పరదేశిది. (ఇంగ్లీషువాడు దాన్నే ఫ్రెంచి రోగమన్నాడు.) తరువాత మనకు ‘సుఖవ్యాధి’ అన్న మాట వచ్చింది. ఈసారి నేరం సుఖానిది. క్షయకుగాని మన్యపు జ్వరానికిగాని ఇలాంటి పేరు ఎవరూ పెట్టలేదు.

మాటకంటె చట్టం ఘోరం. 1868 నాటి అంటురోగాల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం వేశ్యల పేర్లు నమోదు చేసి నిర్బంధంగా పరీక్షలు చేయించింది. వారి దగ్గరకు వెళ్ళే సోల్జరు జోలికి ఆ చట్టం పోలేదు. అది 1888లో రద్దయింది. రోగం ‘చెడిపోయిన’ మనిషిదేనన్న నమ్మకం మాత్రం రద్దు కాలేదు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్, సెల్లప్పన్ నిర్మల మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదటిసారి కనిపెట్టింది వేశ్యావృత్తిలోని స్త్రీల రక్తంలోనే. అది శాస్త్రానికి విజయం. పెద్దమనుషులకు మాత్రం పాత తీర్పుకు కొత్త సాక్ష్యం.

2003 ప్రాంతంలో మన రోడ్లమీద ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని బోర్డులు లేచాయి. నలుగురి చేత నోరు విప్పించిన మేలు వాటిది. అయితే జనానికి ప్రశ్న గుర్తుండిపోయింది, జవాబు గుర్తులేదు. 1968 నుంచి పదిహేను పైసలకు మూడు చొప్పున అమ్మిన నిరోధ్ కూడా కుటుంబ నియంత్రణ సాధనంగానే మనకు పరిచయం. అది రోగాన్ని ఆపుతుందన్న నమ్మకం ఇంకా కుదరలేదు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి కోచింగులకు తిరిగే కుర్రవాళ్ళలో ఒకడు నన్నడిగాడు: “కండోమ్ వాడిన సార్, చినగలె. అయినా నిద్ర పడ్తలేదు.” చినగకుండా, జారకుండా, మొదటినుంచి చివరిదాకా ఉంటే ఆ రబ్బరు పొరను వైరస్ దాటదని చెప్పాను. చినిగినా, జారినా 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇంకా అనుమానం తీరకపోతే యాంటిజెన్, యాంటీబాడీ రెండూ చూసే ప్రయోగశాల పరీక్ష 45 రోజులకు, యాంటీబాడీ ఒక్కటే చూసేది 90 రోజులకు నమ్మదగిన జవాబిస్తుంది. అతను ఈ లెక్కంతా శ్రద్ధగా విని, రెండో ప్రశ్న వేశాడు: “దవాఖానల ఇంటికి చెప్తరా సార్?”

అసలు భయం ఇదీ. ప్రభుత్వాసుపత్రుల ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం మన అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితం ఇంటికి చేరవేయరాదు. ఆ చట్టం అమలుకు వచ్చింది 2018 సెప్టెంబరులో, ఎల్.బి.నగర్‌కు మెట్రో వచ్చిన నెలలోనే. మెట్రో సంగతి తెలియని విద్యార్థి మా తరగతిలో లేడు. చట్టం సంగతి చెప్పమంటే ఒక్క చెయ్యీ లేవలేదు.