ఇంటి కాఫీ, హోటలు కాఫీ

హోటలులో త్రాగిన కాఫీ రుచి ఇంటి కాఫీకి ఎందుకు రాదు? ఈ ప్రశ్న మన ఇండ్లలో తరతరాలుగా వినవస్తున్నదే. ఒకవైపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, మరొకవైపు జాతీయ రహదారి గల మద్దిలపాలెం వంటి విశాఖ పేటలో కాపురముండే గృహస్థునికి ఇది మరికొంత పదునుగా తోచవలెను. కాఫీ పండే అరకు కొండలు అతని గుమ్మానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నవి గదా! పంట ఇంత దగ్గర, రుచి అంత దూరం. ఈ వింతకు కారణం వంటింటిలో కొంత, చరిత్రలో కొంత దొరుకుతుంది.

పదునేడవ శతాబ్దిలో బాబా బుడన్ అనే సాధువు మక్కా యాత్రనుండి తిరిగివస్తూ యెమెన్ దేశపు మోఖా రేవులో ఏడు గింజలు సంపాదించి, చిక్కమగళూరు కొండలలో నాటినాడని ఐతిహ్యం. అది అందరూ ఎరిగినదే. తోటల పెంపకం విస్తరించినది మాత్రం ఆంగ్లేయుల కాలంలో. మన తూర్పు కనుమలకు ఆ మొక్క ఆలస్యంగా వచ్చినది. 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఒక ఆంగ్లేయుడు మొదట నాటించినాడు. అక్కడినుండి అది క్రమంగా అనంతగిరి, అరకు, చింతపల్లి ప్రాంతాలకు ప్రాకినది.

మొక్క కొండ ఎక్కుతున్న రోజులలోనే పానీయం మైదానంలోని ఇండ్లలో ప్రవేశించినది. అంతవరకు తెలుగువారి ఉదయం చద్దన్నంతో ప్రారంభమయ్యేది. కాఫీ వచ్చి చద్దిని వెనుకకు నెట్టినది. పెద్దలు దీనిని సులభంగా ఒప్పుకొనలేదు. గాంధీమహాత్ముడు సైతం ఆరోగ్యాన్ని గూర్చి వ్రాస్తూ తేనీటిని, కాఫీని, కోకోను కూడా విడువవలసినదనియే చెప్పినారు. ఆయన మాటలలో అనేకం శిరసావహించిన మన ఇండ్లు ఈ ఒక్క మాట దగ్గర చెవిటివైనవి. కాఫీ హోటళ్ళ చరిత్రలో మరొక చేదు ఉన్నది. మద్రాసు రాజధానిలో చాలకాలం ఈ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరు స్థలం, తక్కినవారికి వేరు స్థలం ఉండేవి. కొందరికి లోనికి ప్రవేశమే లేదు. పెదవికి తగలకుండ ఎత్తి పోసికొనుటకు అనువుగా అంచు తీర్చిన గ్లాసు, దానికి తోడు దబరా, ఆ కాలపు ఎంగిలి పట్టింపును నేటికీ జ్ఞాపకం చేస్తూనే ఉన్నవి.

ఇక రుచి సంగతి. తొలినాళ్ళలో కాఫీ అలవడిన ఇండ్లవారు పచ్చిగింజలు కొనేవారు. మంగలంలో సన్నని సెగపై గోధుమవన్నె తిరిగేవరకు వేయించి, చల్లార్చి, గోడకో బల్లకో బిగించిన చేతి మరలో ఆ పూటకు కావలసినంత విసరుకొనేవారు. వీధి మొగలో ఉన్నవారికి ఆ ఇంట కాఫీ కాస్తున్నారని తెలిసిపోయేది. వేయించినప్పుడు గింజలో పుట్టే సువాసన ద్రవ్యాలు గాలిలో కలిసిపోయే స్వభావం కలవి. గింజగా ఉన్నంతకాలం అవి కొంత నిలుస్తవి. పొడిచేసిన మరుక్షణంనుండి జారిపోవడం ప్రారంభిస్తవి. పొడి అంగళ్ళు, విద్యుత్తు మరలు, పిమ్మట పొట్లాలు, డబ్బాలు వచ్చి గృహిణికి శ్రమ తగ్గించినవి, నిజమే. కాని వేయించిన దినానికీ కాచే దినానికీ నడుమ వారాలు, మాసాలు చేరినవి. రద్దీగల హోటలులో ఉదయం తెచ్చిన పొడి సాయంత్రానికి మిగలదు. ఇంటిలో పొట్లం నెల దినాలు మూతతీసి మూసుకొంటూ ఉంటుంది. హోటలువాని చేతివాటమని మనం మెచ్చుకొనే దానిలో చాలభాగం ఈ తాజాతనమే.

రెండవది చికోరి. ఇది కాఫీ కాదు. ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. 1806లో నెపోలియన్ ఇంగ్లండు వర్తకాన్ని నిషేధించినప్పుడు కాఫీ కరవై, ఫ్రాన్సు దేశంలో దీని వాడుక బలపడినది. కరవునాటి సర్దుబాటు మన నాలుకకు ఇష్టమై కూర్చున్నది. కషాయానికి చిక్కదనం, నల్లదనం తెచ్చేది ఇదే. మన దేశపు నిబంధన ప్రకారం ఇట్టి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు, పాలు ఎంతో పొట్లంపై వ్రాయవలెను. ఆ సన్నని అక్షరాలు చదివేవారు అరుదు.

మరి అరకు గింజ మద్దిలపాలెం వంటింటికి నేరుగా ఎందుకు రాలేదు? రెండవ ప్రపంచ యుద్ధంలో ఐరోపా విపణులు మూతపడి తోటలు నష్టపోగా, 1942 చట్టంతో కాఫీ బోర్డు ఏర్పడినది. పండించినవాడు తన పంటను బోర్డువారి ఉమ్మడి నిల్వకు అప్పగించవలెను. బోర్డు దానిని వేలం వేసేది. ఈ ఏర్పాటు రైతును ఆనాడు కాపాడినదనుటలో సందేహం లేదు. కాని ఉమ్మడిలో కలిసిన గింజకు గ్రేడు మిగిలినది గాని ఊరు మిగలలేదు. మన్యంలో 1960నుండి అటవీశాఖ తోటలు వేసినది. తరువాతి దశాబ్దాలలో పోడుకు బదులుగా గిరిజన కుటుంబాలచేత సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెంచించినారు, ఆ చెట్లకు మిరియపు తీగలు ప్రాకించినారు. అయినను అరకు కాఫీ అని పేరు పెట్టి అడిగే అవకాశం కొనేవానికి కలుగలేదు. 1996 నాటికి ఉమ్మడి విధానం పూర్తిగా తొలగినది. 2017లో అరకు పేరుతో పారిస్ నగరంలో దుకాణం వెలసినది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. కొండక్రింది పేటకంటె ముందు పారిస్‌లో పేరు పొందుట విచిత్రమే! ఈ పేరు వెనుక ఇప్పుడు లక్షకు పైగా గిరిజన కుటుంబాల జీవనం ఉన్నది. 2025లో అరకు ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనబడి, సోకిన కాయలను కోయించి నాశనం చేయించవలసి వచ్చినది. శ్రీలంకలో 1869లో ఆకుమీద కనబడిన కుంకుమతెగులు కొన్ని ఏండ్లలోనే ఆ ద్వీపాన్ని కాఫీనుండి తేయాకుకు మళ్ళించినది. ఆ కథ తెలిసినవారికి ఈ పురుగు చిన్న వార్తగా తోచదు.

నేడు విశాఖలోనే మన్యపు గింజలు దొరుకుతున్నవి. వేయించిన తేదీ చూచి, వారానికి సరిపడా మాత్రమే కొని, పూటకు పూట విసరుకొన్నచో సగం పని అయినట్లే. పొడి మరీ మెత్తనైతే ఫిల్టరు రంధ్రాలు మూసుకొనిపోతవి. మరీ బరకైతే నీరు రుచి పట్టకుండానే దిగిపోతుంది. పై గిన్నెలో పొడి వేసి, అణచుబిళ్ళతో మెల్లగా నొక్కి, మరిగి దించిన నీటిని ఒక్క నిమిషం ఆగి పోయవలెను. పావుగంటకు పైగా బొట్టుబొట్టుగా దిగనివ్వవలెను. ఆ డికాక్షనును తిరిగి పొయ్యిమీద పెట్టరాదు, చేదెక్కుతుంది. వేడి రావలసినది అప్పుడే పొంగిన పాలనుండి మాత్రమే.