కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడమని మాత్రం అనలేదు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణాల్లో సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అవే పట్టణాల్లో లక్షలాది కుటుంబాలు అద్దె గది కోసం వీధివీధీ తిరుగుతున్నాయి. ఈ వైరుధ్యాన్ని యజమానుల దురాశగా కొట్టిపారేయడం తేలిక. అయితే ఆ తాళాల్లో కొన్నింటి వెనుకనైనా వందేళ్లు దాటిన ఒక శాసన చరిత్ర ఉంది.

ఆ చరిత్ర బొంబాయిలో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మిల్లులకూ రేవుకూ జనం తరలివచ్చారు. ఇళ్లు చాలక అద్దెలు పెరిగాయి. 1918లో ప్రభుత్వం అద్దెలపై ఆంక్షలు విధించింది. రెండో యుద్ధం మళ్లీ అదే పరిస్థితిని తెచ్చింది. ఆ తరువాత దేశ విభజన నగరాలను శరణార్థులతో నింపింది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెనే ప్రామాణికంగా తీసుకుంది. ఆ తేదీ తరువాత అద్దెకిచ్చిన ఇళ్లకు మొదట కుదిరిన అద్దే ప్రామాణికమైంది. నిలువ నీడలేని మనిషిని వీధిన పడకుండా కాపాడడమే దాని లక్ష్యం. ఆనాటికి అది న్యాయమైనదే. కాని తాత్కాలికమని తెచ్చిన చట్టాన్ని గడువు ముగిసినప్పుడల్లా పొడిగిస్తూ పోయారు. ఓటున్న అద్దెదారులు వేలల్లో, యజమానులు పదుల్లో ఉన్న వార్డులో మరో నిర్ణయం తీసుకునే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది?

ధరలు పెరిగాయి, అద్దె మాత్రం కదలలేదు. యజమాని ముందు మూడు దారులు మిగిలాయి. మరమ్మతులు మానుకోవడం మొదటిది. అద్దెకిచ్చేందుకు కొత్తగా కట్టకుండా అమ్మకానికే కట్టడం రెండోది. ముంబయిలో పగ్డీ అని పిలిచే చాటుమాటు సొమ్ము తీసుకుని అద్దెదారు చేతులు మారడానికి ఒప్పుకోవడం మూడోది. పగ్డీ అంటే తలపాగా. అద్దెకు వచ్చినవాడు పాగా వేస్తాడన్న తెలుగు యజమాని భయానికీ ఈ మాటకూ ఎంత దగ్గరితనమో!

మరమ్మతులు ఆగిన భవనాలు కూలడం మొదలయ్యాక మహారాష్ట్ర ప్రభుత్వం 1969లో ప్రత్యేక చట్టం చేసి, సెస్సు వసూలుచేసి, ఒక బోర్డు ద్వారా ఆ పని తానే చేపట్టింది. 1986లో మరో అడుగు వేసింది. అద్దెదారుల్లో 70 శాతం మంది సహకార సంఘంగా ఏర్పడి కోరితే, నెల అద్దెకు వంద రెట్ల ధర చెల్లించి ఆ భవనాన్ని సేకరించే వీలు కల్పించింది. దశాబ్దాల కిందట స్తంభించిన అద్దెకు వంద రెట్లంటే ఎంత? దానిపై యజమానుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యంలోని రాజ్యాంగ ప్రశ్నకు సమాధానం 2024 నవంబరు 5న వచ్చింది. ప్రతి ప్రైవేటు ఆస్తినీ సమాజపు భౌతిక వనరుగా పరిగణించలేమని తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది.

అంతకుముందే, 1997 డిసెంబరులో, అద్దెను శాశ్వతంగా స్తంభింపజేసిన నిబంధనలు కాలక్రమంలో అహేతుకంగా మారాయని మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తర్కం తెలుగు నేలకు కొత్త కాదు. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం మినహాయింపు ఇచ్చింది. కొత్త నిర్మాణాలను ప్రోత్సహించడం దాని ఉద్దేశం. ఆ మినహాయింపు కాలం గడిచేకొద్దీ వివక్షగా మారిందంటూ మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో అదే న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. అక్కడ గెలిచింది అద్దెదారు పక్షం, బొంబాయి వ్యాజ్యంలో యజమాని పక్షం. సూత్రం మాత్రం ఒక్కటే: చట్టానికీ వయసు మీరుతుంది.

న్యాయస్థానాలు చెప్పినంత సులువుగా రాజకీయం వినలేదు. మహారాష్ట్ర 1999లో కొత్త చట్టం చేసి ఏటా 4 శాతం పెంపునకు అనుమతించింది. పగ్డీకి చట్టబద్ధత కల్పించింది. ఢిల్లీ కోసం పార్లమెంటు ఆమోదించిన 1995 నాటి అద్దె చట్టానికి రాష్ట్రపతి సమ్మతి కూడా లభించింది. పాత అద్దెలతో దుకాణాలు నడుపుతున్న వ్యాపారులు రోడ్డెక్కడంతో అమలు నోటిఫికేషన్ వెలువడలేదు.

ఈ చరిత్ర నుంచి యజమానులు నేర్చుకున్న పాఠమే పదకొండు నెలల ఒప్పందం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా నమోదు చేయాలి. నమోదు ఖర్చునూ, దీర్ఘకాలిక హక్కుల భయాన్నీ తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించారు. ఈ కాగితం ఇద్దరినీ కాపాడడం లేదు. అద్దెదారుకు పన్నెండో నెలలో ఇల్లుంటుందన్న భరోసా లేదు. అతను ఖాళీ చేయనంటే యజమానికి కోర్టు మెట్లు తప్పవు. అద్దె రాబడి బ్యాంకు వడ్డీకంటే తక్కువగా ఉండే నగరాల్లో, ఒక్క వ్యాజ్యం చాలు ఏళ్ల రాబడిని మింగడానికి. అందుకే కొందరు తాళమే మేలనుకుంటారు. మరికొందరు కులం, మతం, ఆహారం ఆరా తీసి అద్దెదారును వడపోస్తారు. ఆ వడపోత భారం మోసేది ఇల్లు దొరకని మనిషి.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా కౌలుదారీ చట్టం ఈ చిక్కుముడిని విప్పాలని చూసింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదు. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు చెల్లించాలి. వివాదాలకు ప్రత్యేక యంత్రాంగం ఉండాలి. అయితే ఇది నమూనా మాత్రమే, చట్టం చేయాల్సింది రాష్ట్రాలు. పైగా పాత అద్దెలకు ఇది వర్తించదు.

అద్దెను స్తంభింపజేసి ఇళ్లను పెంచలేమని బొంబాయి చూపింది. నియంత్రణ ఎత్తివేస్తే చాలదని పదకొండు నెలల కాగితం చూపుతోంది. వివాదం నెలల్లో తేలుతుందన్న నమ్మకం యజమానికీ, ఒప్పందం ఉన్నంతకాలం ఇల్లు తనదేనన్న నమ్మకం అద్దెదారుకూ ఒకేసారి కలగాలి. రాష్ట్రాలు కొత్త చట్టాన్ని కాగితంపై ఆమోదించి, దాన్ని నడిపే న్యాయాధికారులను నియమించకపోతే, ఆ తాళాలు అలాగే వేలాడుతుంటాయి.